నాలుగేళ్ళ కోడలు, ఎం.ఎస్. పాలేరు

మేముండే ఇల్లు లాంకషైర్‌లో, ఒకప్పుడు నూలు మిల్లుల మీద బతికిన ఊళ్ళో ఉంది. గోడకి గోడ ఆనించి కట్టిన రాతి ఇళ్ళ వరసలో మాదొకటి. కింద రెండు గదులు, పైన రెండు. కొన్నప్పుడు లాయరు పంపిన కాగితాల కట్టలో 1876 నాటి లీజు నకలు ఉంది, 999 ఏళ్ళకి రాసింది. మా ఆయన అది చూసి "ఇంకా ఎనిమిది వందల యాభై ఏళ్ళ దాకా ఉందిలే, తొందరేం లేదు" అని పక్కన పడేశాడు.

నేను పడెయ్యలేకపోయాను. పై గదిలో గోడకాగితం గీకుతుంటే దాని కింద ఇంకోటి, దాని కింద ఇంకోటి, మొత్తం ఐదు పొరలు ఊడొచ్చాయి. అట్టడుగున నీలం పువ్వులది. ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని దాన్ని అంటించి ఉంటారు కదా. వాళ్ళెవరు, ఏం పని చేసుకుని బతికారు అన్న ప్రశ్న పట్టుకుంది నన్ను.

మా సొంత ముత్తాతల గురించి ఈ ప్రశ్న వేసుకుందామన్నా వీల్లేదు. మన దేశమంతా ఒకేసారి జనాభా లెక్కలు తీసింది మొదటిసారి 1881 ఫిబ్రవరి 17న. ఇక్కడ అదే ఏడాది ఏప్రిల్ 3న తీశారు. నెలన్నర తేడా, అంతే. కానీ మన దగ్గర ఇంటింటి కాగితాలు చూడటానికి లేదు, 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ఒప్పుకోదు. ఇక్కడేమో వందేళ్ళు దాటితే తలుపు తీస్తారు. అందుకని ఎవరి ముత్తాతలనో వెతకడం మొదలుపెట్టాను.

మొదలే తప్పటడుగు. 1881 జనాభా లెక్కల పుస్తకంలో మా వీధి దొరికింది. ఎడమ చివర గడిలో మా ఇంటి నంబరు కనపడగానే ఎగిరి గంతేశాను. ఇంటి పెద్ద వృత్తి "క్లాగర్" అని ఉంది. ఇంగ్లీషులో క్లాగ్ అంటే పైపుల్లో అడ్డుపడటం అన్న అర్థమొకటే నాకు తెలుసు. ఓహో, మురుగు కాలవలు బాగుచేసేవాడన్నమాట అనుకున్నాను. అందరికీ చెప్పేశాను కూడా. తరవాత తెలిసింది, చెక్క అడుగుకి తోలు బిగించి చేసే చెప్పులు క్లాగ్స్, వాటిని చేసేవాడు క్లాగర్. మిల్లుకి పోయేవాళ్ళంతా అవే తొడుక్కునేవాళ్ళు. సరే, మురుగు మనిషి కాస్తా చెప్పుల మనిషయ్యాడు. రెండు వారాలు ఆ కుటుంబాన్ని ప్రేమగా వెంబడించాక, ఇంకో సంగతి బయటపడింది. నేను చూసిన మొదటి గడి ఇంటి నంబరు కాదు, షెడ్యూలు నంబరు! గణకుడు పంచిన కాగితాల వరస సంఖ్య అది. ఇంటి నంబరు పక్క గడిలో, వీధి పేరుతో పాటు ఉంటుంది. క్లాగర్‌ గారు మా ఇంటికి పంతొమ్మిది గడపల అవతల ఉండేవాడు. ఇప్పటికీ ఆ ఇంటి ముందు నుంచి వెళితే ఆయన గుర్తొస్తాడు, ఏం చెయ్యను.

అసలు ఆ పుస్తకం ఎలా తయారైందో తెలుసుకున్నాకే నాకు చదవడం వచ్చింది. గణకుడు ముందే ఇంటింటికీ ఒక కాగితం ఇచ్చి వెళతాడు. ఆదివారం రాత్రి ఆ ఇంట్లో ఎవరు పడుకున్నారో వాళ్ళందరి వివరాలు ఇంటి పెద్ద రాయాలి. సోమవారం గణకుడు వచ్చి తీసుకుంటాడు. చదువురాని ఇళ్ళలో వాళ్ళు చెబుతుంటే తనే రాస్తాడు. తరవాత అన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కిస్తాడు. లండన్‌లో గుమాస్తాలు ఆ పుస్తకం ముందేసుకుని వృత్తుల లెక్క తీస్తూ ఒక్కో పేరు మీద పెన్సిల్‌తో గీత కొడతారు. 1841 నుంచి 1901 దాకా మనకి మిగిలింది ఈ పుస్తకాలే, ఇళ్ళవాళ్ళు రాసిన అసలు కాగితాలు పోయాయి. అంటే ఒక మనిషి నోట్లోంచి వచ్చిన మాట ఒకడి చెవిలో పడి, వాడి చేత్తో ఒకసారి రాయబడి, మళ్ళీ నకలు చేయబడి, పైన పెన్సిల్ గీతలు పడి, ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కించినవాళ్ళు చదివినట్టుగా మన ముందుకొస్తోంది. ఇన్ని చేతులు మారిన మాట నిఘంటువులో దొరకలేదంటే ఆశ్చర్యమేముంది?

ఇక మా ఇంటి అసలు మనుషులు. 1881లో ఈ నాలుగు గదుల్లో ఆరుగురున్నారు. ఇంటి పెద్దకి 44, భార్యకి 41. కొడుకు 17, కూతురు 10. ఆ కింద "డాటర్ ఇన్ లా", వయసు 4. ఆఖరున "బోర్డర్" అని 28 ఏళ్ళ కుర్రాడు. పేర్లు రాయను, వాళ్ళ మునిమనవలు ఈ చుట్టుపక్కలే ఉండొచ్చు.

నాలుగేళ్ళ కోడలు! మనవాళ్ళం కదా, చదవగానే బుర్ర బాల్యవివాహం వైపు పోయింది. పదిహేడేళ్ళ కొడుక్కి నాలుగేళ్ళ పిల్లనిచ్చి చేశారా, ఇంగ్లండ్‌లో కూడానా అని. ఫోన్లో చెబితే మా అమ్మ అసలు ఆశ్చర్యపోలేదు. "మా నాయనమ్మకి ఐదో ఏట చేశారు, ఇక్కడా అంతే అన్నమాట" అంది. కానీ పెళ్ళి గడిలో కొడుకు ఎదురుగా అవివాహితుడని రాసి ఉంది. పిల్ల ఇంటిపేరు వేరు. అది పట్టుకుని లాగితే తీగ కదిలింది. ఆ రోజుల్లో ఇంగ్లీషులో "ఇన్ లా" అనే తోకని మారుటి చుట్టరికానికీ వాడేవాళ్ళు. ఇప్పుడు "స్టెప్" అంటున్నారే, అది. అంటే ఈ పిల్ల ఇంటి పెద్దకి కోడలు కాదు, భార్య మొదటి పెళ్ళి తాలూకు కూతురు. పెళ్ళిళ్ళ రిజిస్టరు సూచికలో వెతికితే 1879లో ఇద్దరి పెళ్ళీ దొరికింది. ఆమె విధవ, ఆయన భార్య పోయినవాడు. ఆయన పిల్లలిద్దరు, ఆమె పిల్ల ఒకతి. ఒక్క మాట అర్థం మారగానే ఆ ఇంటి కథంతా మారిపోయింది. అప్పటినుంచి నాకో అలవాటైంది. చుట్టరికం గడి చదవగానే నమ్మను. వయసు, పెళ్ళి గడి, ఇంటిపేరు, ఈ మూడూ దాంతో పొసుగుతున్నాయా అని చూస్తాను.

బోర్డర్ సంగతి తేలిగ్గానే తెలిసింది. ఇంటివాళ్ళతో కలిసి తినేవాడు బోర్డర్. గది అద్దెకి తీసుకుని తన తిండి తను చూసుకునేవాడు లాడ్జర్. రూలు ప్రకారం లాడ్జర్‌ని వేరే కుటుంబం కింద లెక్కెయ్యాలి, వేరే షెడ్యూలు ఇవ్వాలి. అన్నిచోట్లా గణకులు ఈ రూలు పాటించారని మాత్రం అనుకోవద్దు. పక్కింట్లో రెండేళ్ళ పిల్లాణ్ణి "నర్స్ చైల్డ్" అని రాశారు. వాడికి వైద్యంతో సంబంధం లేదు. డబ్బిచ్చి పెంపకానికి వదిలిన బిడ్డ. తల్లి ఏ ఇంట్లోనో పనిమనిషిగా ఉండి ఉంటుంది, బిడ్డని దగ్గర పెట్టుకోనివ్వరు. ఇలా పిల్లల్ని తీసుకునే ఇళ్ళలో చావులు ఎక్కువయ్యి, 1872లో చట్టం కూడా తెచ్చారు: ఏడాదిలోపు బిడ్డల్ని ఒకరికంటే ఎక్కువమందిని పెట్టుకుంటే రిజిస్టరు చేయించుకోవాలని. అది తెలిశాక ఆ పిల్లాడు 1891లో ఉన్నాడో లేదో చూడకుండా నిద్ర పట్టలేదు. ఉన్నాడు. అదే ఇంట్లో, 12 ఏళ్ళు, ఈసారి "సన్" అని రాశారు.

"స్కాలర్" అన్న మాటకి నవ్వుకోని తెలుగువాళ్ళుండరు. మూడేళ్ళ స్కాలర్లు, ఐదేళ్ళ స్కాలర్లు వీధి నిండా ఉన్నారు. బడికి పోయే పిల్ల అని అర్థం, పాండిత్యమేం లేదు. మా ఇంటి పదేళ్ళ పిల్ల ఎదురుగా మాత్రం "కాటన్ హాఫ్ టైమర్" అని ఉంది. పొద్దున మిల్లు, మధ్యాహ్నం బడి. లేదంటే అటుదిటు. చట్టప్రకారమే. 1844 చట్టం ఎనిమిదేళ్ళ పిల్లల్ని సగం పూట పనికి పెట్టుకోనిచ్చింది. 1881 నాటికి ఆ వయసు పదికి పెరిగింది. అంటే ఈ పిల్లకి పదేళ్ళు నిండటం, మిల్లుకి పోవడం ఒకేసారి జరిగాయి. ఆ పద్ధతి పూర్తిగా పోయింది 1918 విద్యా చట్టంతో.

ఇక పెద్దాయన వృత్తి. "కాటన్ స్ట్రిప్పర్ అండ్ గ్రైండర్." మా ఆయన ఆఫీసులో ఈ మాట చెప్పి వారం రోజులు నవ్వించాడు. నాకు నవ్వొచ్చినా అర్థం కాలేదు. అమ్మతో వీడియో కాల్‌లో ఉన్నప్పుడు మాటల్లో అడిగాను.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. మాది నేత ఇల్లు. నాన్న గుంటమగ్గం మీద నేసేవారు. నేను పదో తరగతి దాకా మగ్గం చప్పుడులోనే చదువుకున్నాను, తరవాత ఆ చప్పుడుకి దూరంగా పోవడానికే ఇంకా చదివాను. అమ్మకి ఇంగ్లీషు రాదు. కానీ దూదికి ఏం జరిగితే గుడ్డ అవుతుందో తెలుసు.

"దూది ఏకితే ఏమవుద్దే? పళ్ళకి చెత్త పట్టుద్ది. అది తియ్యకపోతే ఇంక ఏకదు. పళ్ళు మొద్దుబారితే సాన పట్టాలి" అంది అమ్మ, చింతపండు గింజలు తీస్తూ.

స్ట్రిప్, గ్రైండ్. తియ్యడం, సాన పట్టడం! మిల్లులో దూది ఏకే యంత్రానికి పెద్ద పెద్ద ఉరుళ్ళు, వాటి నిండా సన్నటి తీగ పళ్ళు. ఆ పళ్ళలో ఇరుక్కున్న పొట్టి పీచు తీసెయ్యడం, తీగలు అరిగితే నూరడం ఈయన పని. మిల్లు మొత్తంలో దుమ్ము ఎక్కువ లేచే గది అదే. ఆ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బుని బిస్సినోసిస్ అంటారు, ఆదివారం సెలవు తరవాత సోమవారం పనిలోకి దిగగానే ఛాతీ బిగుసుకుంటుంది. 1891 నాటికి ఆ ఇంట్లో పెద్ద దిక్కుగా ఆవిడ పేరే ఉంది, పక్కన విధవ అని. ఆయన ఏ జబ్బుతో పోయాడో నేను ఊహించి చెప్పను.

ఆ రోజునుంచి పద్ధతి మార్చాను. నిఘంటువు తెరవడానికి ముందు అమ్మకి ఫోన్ చేయడం. మాట చెప్పను, అది ఏ గదిలో పనో చెబుతాను. "వడికే చోట 17 ఏళ్ళ పిల్లాడు, వాడి పని పేరు పీసర్." "పోగులు తెగుతుంటాయిగా, అతకొద్దూ?" అంది వెంటనే. అంతే మరి. ముక్కలు చేసేవాడేమో అనుకున్నాను నేను, ముక్కలు అతికేవాడట. వడికే యంత్రం బండిలా ముందుకీ వెనక్కీ నడుస్తుంటే, దాని వెంట నడుస్తూ తెగిన పోగుని వేళ్ళతో మెలేసి కలపాలి. కలపడానికి యంత్రం ఆపరు.

బోర్డర్ కుర్రాడు "టేప్ సైజర్". దర్జీ అనుకున్నాను నమ్మకంగా. టేపు, సైజు, ఇంకేం కావాలి? తప్పు. సైజ్ అంటే గంజి. నేతకి ముందు పడుగుకి గంజి పట్టించి ఆరబెట్టే యంత్రం దగ్గర పని. దీనికి అమ్మ అక్కర్లేకపోయింది, నాకే కళ్ళముందు కదిలింది. తెల్లవారుజామున వీధి పొడుగునా పడుగు చాపి, అటొకరు ఇటొకరు కుంచెలతో గంజి రాస్తూ నడవడం, నేను బడికెళ్ళేటప్పుడు దాని కింద నుంచి వంగి దూరడం, "పోగు తెగిందంటే చూడు" అని నాన్న అరవడం. ఆ పనినే ఆవిరి వేడి మీద చేసేవాడు మా ఇంట్లో బోర్డర్. నేత మిల్లులో మంచి జీతం వచ్చే మగవాళ్ళ పనుల్లో అదొకటి. మరి సొంత ఇల్లెందుకు తీసుకోలేదంటే, పెళ్ళి కాలేదు. 1891లో రెండు వీధుల అవతల పెళ్ళాం పిల్లలతో కనపడ్డాడు. పెళ్ళాం ఎవరనుకున్నారు? మా ఇంటి హాఫ్ టైమర్. వయసు తేడా లెక్కేసుకుని కాస్త మొహం ముడుచుకున్నాను గానీ, మనవాళ్ళు అనే మాటేనా అది.

అమ్మకి కూడా అందనివి కొన్నున్నాయి. "టెంటర్" అన్న మాట వీధిలో ఇరవై సార్లు కనపడింది. డేరాలు వేసేవాళ్ళు ఇంతమందా అనుకున్నాను. నూలు మిల్లు ఊళ్ళలో టెంటర్ అంటే యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ళు. ఫ్రేమ్ టెంటర్, ఆవిరి ఇంజన్ దగ్గరుంటే ఇంజన్ టెంటర్. కొండ దాటి యార్క్‌షైర్ ఉన్ని ఊళ్ళకి పోతే మాత్రం టెంటర్ అంటే తడి గుడ్డని కొక్కేలకి తగిలించి సాగదీసే చట్రం. ఇరవై మైళ్ళకి మాట మారిపోతుంది. అందుకే మనిషిది ఏ ఊరు, ఆ ఊరిది ఏ మిల్లు అని తెలియకుండా వృత్తి అర్థం చెప్పెయ్యకూడదు. ఇలాంటివాటికి నాకు రెండు పుస్తకాలు దారి చూపించాయి. 1921 లెక్కల వర్గీకరణ ఆధారంగా 1927లో ప్రభుత్వం అచ్చేసిన వృత్తుల నిఘంటువు ఒకటి. రెండోది జోసెఫ్ రైట్ ఆరు సంపుటాల మాండలిక నిఘంటువు, 1898 నుంచి 1905 దాకా వచ్చింది. ఈ రైట్ గారి కథ వింటే ఆ పుస్తకం మీద గౌరవం పెరుగుతుంది. ఏడో ఏట యార్క్‌షైర్‌లో ఉన్ని మిల్లులో డాఫర్‌గా చేరాడు, అంటే దారం చుట్టుకుని నిండిన కండెలు తీసి ఖాళీవి పెట్టే పిల్లాడు. పదిహేనేళ్ళ దాకా చదవడం రాదు. తరవాత ఆక్స్‌ఫర్డ్‌లో భాషాశాస్త్ర ప్రొఫెసరయ్యాడు. డాఫర్ అన్న మాటకి అర్థం రాయడానికి ఆయన ఎవర్నీ అడగక్కర్లేదు.

చేతిరాత బాధ వేరే. పాత పుస్తకాల్లో రెండు ఎస్‌లు పక్కపక్కన వస్తే మొదటిది ఎఫ్‌లా పొడుగ్గా గీసేవాళ్ళు. దాంతో డ్రెస్‌మేకర్ కాస్తా డ్రెఫ్స్‌మేకర్ అవుతుంది. నేను చేసిందేమిటంటే, అనుమానం వచ్చిన అక్షరాన్ని అదే పేజీలో మనకి కచ్చితంగా తెలిసిన మాటల్లో వెతకడం. ఊరి పేరు, జాన్, విలియం లాంటివి. ఒక చేతికి ఒక పద్ధతి ఉంటుంది, పేజీ రెండుసార్లు చదివితే పట్టుబడుతుంది. డ్రెస్‌మేకర్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఒంటరి ఆడమనిషికి ఆ వృత్తి రాస్తే అది వేశ్యకి మారుపేరని చెప్పేవాళ్ళు చాలామంది తగులుతారు. పోలీసు రికార్డో కోర్టు రికార్డో ఇంకో ఆధారం లేకుండా ఆ మాట అనడం నాకు నచ్చదు. బట్టలు కుట్టి బతికిన ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు, వాళ్ళకి నూట యాభై ఏళ్ళ తరవాత ఈ మాట పడాలా?

1911కి వచ్చేసరికి మా ఇంట్లో వేరే కుటుంబం. ఈ ఏడాది ప్రత్యేకత ఏమిటంటే ఇంటివాళ్ళు స్వయంగా నింపిన కాగితాలే మిగిలాయి. ఇంటి పెద్ద దస్తూరి గుండ్రంగా, బడిపిల్లాడి రాతలా ఉంది. ఆయన "డ్రాయర్ ఇన్". బొమ్మలు గీసేవాడు కాదని ఈపాటికి నాకు తెలుసు. 14 ఏళ్ళ కొడుకు "రీచర్ ఇన్".

"అమ్మా, పడుగు మగ్గం ఎక్కే ముందు ఇద్దరు కూర్చునే పని ఏదన్నా ఉందా?"

"కొత్త అచ్చులోకి పోగులు తియ్యాలిగా. ఒకళ్ళు ఇటు కూచుని అచ్చు కంట్లోంచి లాగుతారు, ఒకళ్ళు అటు కూచుని పోగు అందిస్తారు. నువ్వు అందించలేదూ, మర్చిపోయావా?"

మర్చిపోయాను. అమ్మ అనగానే గుర్తొచ్చింది. ఒక్కో పోగూ వేళ్ళతో విడదీసి, అచ్చు, అంటే పడుగు పోగులు దూర్చే చట్రం, దాని అవతల నుంచి నాన్న చేతికి అందేలా పట్టుకోవడం, నిద్ర ముంచుకొచ్చి రెండు పోగులు కలిపి ఇచ్చేస్తే నెత్తిన మొట్టడం. డ్రాయర్ ఇన్ అంటే అలా పోగు లాగేవాడు, రీచర్ ఇన్ అంటే అందించేవాడు. ఎనిమిదో తరగతి వేసవి సెలవులన్నీ నేను రీచర్ ఇన్‌నే. ఆ కాగితం మీద ఆ పద్నాలుగేళ్ళ పిల్లాడి పేరు చూస్తే వాడి చూపుడువేలు ఎక్కడ కోసుకుపోయి ఉంటుందో చెప్పగలను.

అదే కాగితంలో భార్య వరసలో ఆయన "ఇంటి పనులు" అని రాశాడు. గుమాస్తా ఎవరో దాన్ని కొట్టేశారు. నిజానికి ఆయన రాయకూడదు. ఇంట్లో జీతం లేని పని చేసే ఆడవాళ్ళకి ఆ గడిలో ఏమీ రాయొద్దని కాగితం మీదే అచ్చేసి ఉంది. ఆయన చదవలేదో, చదివీ రాశాడో. పెళ్ళయిన ఆడవాళ్ళని 1911లో మొదటిసారి ఇంకో లెక్క కూడా అడిగారు, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు, ఎంతమంది పోయారు అని. ఆమె ఎదురుగా 9, 5, 4 అని ఉంది. దాన్ని ఎవరూ కొట్టెయ్యలేదు.

1921ది చూడటానికి మాంచెస్టర్ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళాను, అక్కడ ఉచితంగా చూడనిచ్చేవాళ్ళు. అందులో ఏ యజమాని దగ్గర పనో కూడా రాశారు కాబట్టి పెద్దగా తలబద్దలు కొట్టుకునే పనే లేదు. 1931 పుస్తకాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల లెక్కలే తియ్యలేదు. మధ్యలో జనం వివరాలు రాసిన 1939 సెప్టెంబరు రిజిస్టరొకటి దక్కింది. అందులో ఆడవాళ్ళ ఎదురుగా వరసగా ఒకటే మాట: జీతం లేని ఇంటి పనులు. కనీసం మాటంటూ రాశారు.

ముందుకి పోవడం అయిపోయింది కాబట్టి వెనక్కి పోయాను. మా స్ట్రిప్పర్ పెద్దాయన పుట్టిన పల్లె పేరు 1881లో ఉంది. దాన్ని పట్టుకుని 1841 పుస్తకం తెరిచాను. అది అన్నిటికంటే పాతది, అన్నిటికంటే పిసినారిది. చుట్టరికం గడే లేదు. పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసు ఐదు గుణిజానికి కిందికి దించి రాసుకోమన్నారు. 39 ఏళ్ళవాడు 35 అవుతాడు. పదేళ్ళ తరవాత పుస్తకంలో అతనే 49 అయి కూర్చుంటే వేరే మనిషేమో అని నేను వదిలేశాను, మళ్ళీ వెనక్కి వచ్చి పట్టుకోవాల్సొచ్చింది.

వృత్తులన్నీ పొడి అక్షరాలు. అదే పేజీలో ఒక రైతు ఇంట్లో పదిహేనేళ్ళ కుర్రాడి ఎదురుగా ఎం.ఎస్. అని ఉంది. మన ఇళ్ళలో ఎం.ఎస్. అంటే ఏమిటో చెప్పక్కర్లేదు కదా. 1841లోనే, పదిహేనో ఏటే! మగ పనివాడు అని దాని అర్థం, పాలేరన్నమాట. ఆడమనిషైతే ఎఫ్.ఎస్. "ఎ.జి. లాబ్" ఏ ప్రయోగశాలా కాదు, వ్యవసాయ కూలీ. ఇక పక్కింటి ముసలావిడ ఎదురుగా "ఇండ్" అని కనపడింది. నా గుండె ఒక్కసారి లయ తప్పింది. ఇండియా! మన దేశానికీ ఆవిడకీ ఏమిటి సంబంధం, భర్త కంపెనీ కొలువులో మచిలీపట్నంలో ఉన్నాడేమో అని అర్ధరాత్రి దాకా కథ అల్లుకున్నాను. పొద్దున చూస్తే ఇండిపెండెంట్‌కి పొట్టిరూపం అది, సొంత రాబడి మీద బతికేవాళ్ళకి రాసేవాళ్ళు. అయినా పుట్టినచోటు గడి వేరే ఉంది కదా, వృత్తి గడిలో దేశం పేరెందుకు రాస్తారు అని ముందు రోజు రాత్రి తట్టలేదు.

మా పెద్దాయన అప్పటికి నాలుగేళ్ళ పిల్లాడు. తండ్రి ఎదురుగా "హెచ్.ఎల్.డబ్ల్యు." అక్షరాలు అంటుకుపోయి ఉన్నాయి. 1851లో అదే మనిషికి పూర్తిగా విప్పి రాశారు: హ్యాండ్ లూమ్ వీవర్. చేతి మగ్గం మీద నేసేవాడు. అప్పటికే చుట్టూ మరమగ్గాల మిల్లులు లేచాయి, చేతి నేతగాళ్ళ కూలి పడిపోయి ఏళ్ళయింది. ఈ మిల్లుల గుడ్డే ఓడల మీద మన తీరానికీ వచ్చి మా వాళ్ళ మగ్గాల్నీ మూయించిందని చిన్నప్పుడు తాతయ్య చెప్పేవాడు, సీమగుడ్డ అని పళ్ళు నూరుతూ. ఆ సీమలోనే, ఆ మిల్లుల పక్కనే ఇంకో నేతగాడు అదే బాధ పడ్డాడని తాతయ్యకి తెలియదు. 14 ఏళ్ళ కొడుకు అప్పటికే మిల్లులో పీసర్.

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. ఇది చెప్పకుండా ఉండలేకపోయాను.

"మన మనిషే అన్నమాట" అంది అమ్మ. "ఇంట్లో ఎంతమంది?"

ఆయన, భార్య, ఆరుగురు పిల్లలు అని చదివాను. పెద్దవాడు పీసర్, తరవాతది పదకొండేళ్ళది స్కాలర్, దాని తరవాతవాళ్ళూ స్కాలర్లే, చంకలో ఒకటి.

"ఆవిడకేం రాశారు?"

పేజీ పెద్దది చేసి చూశాను. అదే పేజీలో కింద రైతు ఇంటావిడకి "రైతు భార్య" అని రాశారు. 1851లో అలా రాయడం ఉండేది, పట్టికల్లో కూడా రైతు భార్య, చెప్పులు కుట్టేవాడి భార్య, కసాయి భార్య అని విడిగా లెక్కేశారు. నేతగాడి భార్య ఎదురుగా మాత్రం చిన్న అడ్డగీత.

"ఏం రాయలేదమ్మా. గీత గీశారు."

అమ్మ కాసేపు మాట్లాడలేదు. నాన్న పేరుతో చేనేత కార్డుంది మా ఇంట్లో. అమ్మకి రేషన్ కార్డులో గృహిణి అనే ఉంది. ఫోన్ తెరలో ఆవిడ వెనక గోడకి, ఇప్పుడెవరూ తిప్పని రాట్నం ఆనించి ఉంది.

"మరి కండెలు ఎవరు చుట్టారట?" అంది.